వంతుల వాచీ

“బ్యాటరీ మిషన్ వేస్తే ఒప్పుకునేది లేదు!” అంటూ చెన్నకేశవరావు కౌంటర్ మీద అరచేత్తో కొట్టాడు. విప్పి పెట్టిన వాచీ ముక్కలు గలగలలాడాయి.

సింధనూరులో వాచీలు బాగుచేసే మద్దిలేటి కంటికున్న భూతద్దం తీసి ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. పొద్దున వాచీ ఆగిపోగానే తుర్విహాళ నుంచి ఒకే బండి మీద వచ్చి, షాపు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నారు. ఒక్క వాచీకి ఇద్దరు మనుషులు రావడం అతని సర్వీసులో ఇదే మొదలు.

“ఇంతకు గిది ఎవరిది పెద్దాయనా?”

“ఇద్దరిదీనూ. మా పొలాలకి తూము ఒకటే. పొద్దున ఆరింటి నుంచి పన్నెండు దాకా నీళ్ళు ఈ వీరబాబువి, పన్నెండు నుంచి సాయంత్రం ఆరింటి దాకా నావి. ఆరింటికి పైన కాలవ కట్టేస్తారు. మళ్ళీ పదిరోజులకి గానీ వదలరు. నా వరి పొట్ట మీదుంది. ఇవాళ తడి అందలేదంటే గింజ ఉండదు, అంతా తాలే.”

“గట్లయితే ఫోన్ల టైం చూసుకోరాదు?”

“నా ఫోను వీడు నమ్మడు, వీడి ఫోను నేను నమ్మను. అందుకే తూము దగ్గర పెట్టెలో ఈ వాచీ పెట్టి రెండు తాళాలు వేశాం. ఇది చూపించిందే టైమని స్టాంపు కాగితం రాయించాను” అన్నాడు రావు, మీసం దువ్వుకుంటూ.

మద్దిలేటికి భలే సరదా వేసింది. మూడు దశాబ్దాలుగా వాచీలు విప్పుతున్నాడు గానీ, ఒక వాచీ పొలాలకి పెద్దమనిషిగా ఉండటం ఎప్పుడూ వినలేదు.

“పాత మిషన్ ఖరాబయింది. తుప్పుపట్టి చక్రం పండ్లు ఇరిగినయి. డయలు, ముళ్ళు గవే ఉంచి లోపల మిషన్ మారుస్త. బ్యాటరీది ఎందుకొద్దు? కీ ఇచ్చే పరేషానే ఉండదు.”

“మా ఊళ్ళో బ్యాటరీలు మార్చేది వీడి బావమరిదే. ఏం వేస్తాడో ఎవడికెరుక?”

వీరబాబు నొచ్చుకోలేదు. “పోనీ బాబాయ్, మీకు నచ్చిందే వేయిద్దాం” అన్నాడు.

రావు అనుమానంగా చూశాడు. గట్టు మీద గడ్డి పరకకి కూడా తగువు పెట్టుకునే మనిషి ఈవేళ ఇంత మెత్తగా మాట్లాడుతున్నాడేమిటి?

మద్దిలేటి ఇంకో మిషన్ తీశాడు. “గిది ఆటోమేటిక్. చెయ్యి ఊపుతుంటే దానంతటదే కీ ఎక్కుతది.”

“పెట్టెలో ఉండేదానికి చెయ్యెక్కడిదయ్యా!”

“గట్లయితే కీ ఇచ్చేదే తీసుకోండ్రి. రెండున్నయి. ఒకటి రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడతది. ఇంకోటి బరాబర్ నడుస్తది.”

“వెనకబడేది వద్దు, నా వంతు తినేస్తుంది. ఆ రెండోది ఎండకి తట్టుకుంటుందా? నా వంతంతా మిట్టమధ్యాహ్నమే.”

“నన్నడిగితే ఏం తెలుస్తది? ఎండల పెట్టి చూడుండ్రి.”

చూశారు. మెట్టు మీద ఎండలో గంటసేపు పెట్టారు. రావు పక్కనే గొంతుక్కూర్చుని చెమటలు కక్కుతూ టిక్కుటిక్కు విన్నాడు. బోర్లా పెట్టించాడు, పక్కకి తిప్పించాడు. మద్దిలేటి మిషన్ లో లివరు అటూ ఇటూ జరుపుతూ ఒక్కోసారి సరిచేశాడు. వీరబాబు మాత్రం ఎదురు హోటల్లో ముగ్గురికీ టీలు చెప్పి, “నిదానంగా చూసుకోండి బాబాయ్, రోజూ వేయించేది కాదుగా” అన్నాడు. పాపం, వీణ్ణి ఇన్నాళ్ళూ అనవసరంగా ఆడిపోసుకున్నానే అని రావుకి మనసులో కాస్త సిగ్గు కూడా వేసింది.

చివరికి మిషన్ కుదిరింది. ఎండకీ నీడకీ క్షణం తేడా లేదు. రావు ఫోన్ చూసుకుని ఉలిక్కిపడ్డాడు. పన్నెండూ ఇరవై అయిదు!

“నా వంతు మొదలైపోయింది! తొందరగా బిగించవయ్యా!”

మద్దిలేటి డయలు కూర్చోబెట్టి, చిమటాతో చిన్న ముల్లు పట్టుకున్నాడు.

“ముళ్ళు ఏ టైం మీద పెట్టాలె?”

“పన్నెండున్నర!” అన్నాడు రావు.

వీరబాబు టీ గ్లాసు కింద పెట్టి, ఎంతో మర్యాదగా అన్నాడు.

“అదెలా బాబాయ్? కాగితం మీరు రాయించిందేగా? పొద్దున ఆరున్నరకి ఆగింది, ఆరున్నరకే పెట్టించండి. నా వంతింకా అయిదున్నర గంటలుంది.”