ఏటా మొండికేసే చెల్లెలు

“నేను రానక్కా. ఈ ఏడాదికి నన్నొదిలెయ్,” అంటూ చెల్లెలు మందునీళ్ల గ్లాసును పక్కకు జరిపింది.

టైలరమ్మకు ఈ మాట కొత్త కాదు. ఏటా ఈ రోజున ఇదే పాట. సగం కుట్టిన స్కూలు చొక్కాను మిషను మీదే వదిలేసి, వచ్చి గ్లాసును మళ్లీ చెల్లెలి ముందుకు తోసింది.

“ఎనభై మందిని ఎక్కించుకుని బస్సు నడుపుతావు. గ్లాసుడు నీళ్లు తాగలేవా?”

“ఇవి నీళ్లా? ఉప్పులో సబ్బు నురగ కలిపినట్టున్నాయి. ఐదేళ్లుగా ఏమీ కనబడలేదు, ఇప్పుడేం కనబడుతుంది?”

“అమ్మ కూడా ఇలాగే అంది.”

“సరే, నువ్వు తాగితేనే నేను తాగేది,” అని చెల్లెలు గ్లాసు అందుకుంది. ఇద్దరూ ముక్కు మూసుకుని గడగడా తాగేశారు. పేగులు కడిగేసే మందు అది. గంట తిరక్కుండానే ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క బాత్రూము కోసం పోటీ మొదలైంది.

“పెద్దదాన్నే, ముందు నన్ను పోనీ.”

“ఇది వయసు చూసి ఆగేది కాదక్కా,” అని చెల్లెలు లోపల గడియ పెట్టేసుకుంది.

వాళ్ల అమ్మమ్మ నలభై దాటకుండానే పోయింది. అమ్మ నలభై మూడుకు పోయింది. ఇద్దరినీ తీసుకుపోయింది పేగు క్యాన్సరే. అది తల్లి నుంచి బిడ్డలకు దిగే రకమేమోనని అనుమానించి, ఆరేళ్ల కిందట డాక్టర్లు అక్కచెల్లెళ్లిద్దరి రక్తమూ పరీక్షకు పంపారు. ఫలితం చెప్పే రోజున టైలరమ్మకు ఆస్పత్రి మెట్లెక్కడానికి కాళ్లాడలేదు. చెల్లెలే లోపలికి వెళ్లి పావుగంటకు బయటికొచ్చింది. “ఇద్దరికీ ఉందక్కా,” అంది. ఏటా పేగులోకి గొట్టం పంపి చూసే పరీక్ష చేయించుకుంటే ముదరకముందే పట్టుకోవచ్చట అని కూడా చెప్పింది.

తనొక్కతికే అయితే టైలరమ్మ ముసుగుతన్ని పడుకునేది. తెలియకపోవడమే నయమనుకుని, తల్లి లాగే రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కానీ తల్లి పోయాక తన చేతుల్లో పెరిగిన పిల్ల ఇది. దీన్ని ఎలా వదిలేస్తుంది? దీన్ని ఈడ్చుకెళ్లడానికైనా తను వెళ్లక తప్పదు. అందుకే ఏటా వెళ్తోంది. ఈ ఏడాది ఆమెకు నలభై మూడు నిండాయి. ఆ లెక్క మాత్రం చెల్లెలి దగ్గర ఎత్తలేదు.

ఆస్పత్రిలో ఎప్పటిలాగే పేచీ.

“ముందు నువ్వెళ్లక్కా.”

“ఆ పప్పులేం ఉడకవు. నేను లోపలికెళ్తే నువ్వు పారిపోతావు. నువ్వే ముందు.”

పెద్ద నర్సు నవ్వుతూ చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్లింది. అరగంటకు చెల్లెలు తన కాళ్ల మీద తను నడుచుకుంటూ వచ్చింది. ఆ పిల్ల మత్తు సూది వేయించుకోదు. ఈ సంగతి టైలరమ్మ బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతుంది. “నాకు ఆ గొట్టం చూస్తేనే కళ్లు తిరుగుతాయి. మా చెల్లికి మత్తూ అక్కర్లేదు, మన్నూ అక్కర్లేదు. గుండె రాయి దానిది,” అంటూ కొలతలు తీయడం కూడా మరిచిపోతుంది.

ఆమె వంతు అయి, మత్తు వదిలేసరికి మధ్యాహ్నం దాటింది. చెల్లెలు స్కూటరు తేవడానికి కిందికెళ్లింది. పాత డాక్టరు రిటైరయ్యాడట, ఆయన స్థానంలో వచ్చిన కుర్ర డాక్టరు ఫైలుతో మంచం పక్కన కూర్చున్నాడు.

“రెండు బుడిపెలు కనబడ్డాయమ్మా. తీసేశాం. ల్యాబుకు పంపాం గానీ, చూస్తే ముదిరినట్టు లేవు. ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే మనం వేరే మాటలు మాట్లాడుకునేవాళ్లం.”

టైలరమ్మ దుప్పటి అంచు గట్టిగా పట్టుకుంది. కాసేపటికి గుండె నిమ్మళించింది. ఆ తర్వాత, తనకే ఆశ్చర్యంగా, ఛాతీ నిండా గర్వం పొంగింది.

“నేను నా కోసం ఎప్పుడూ రాలేదండీ,” అంది. “మా చెల్లి ఒట్టి మొండిది. రానంటే రానంటుంది. దాన్ని లాక్కురావడానికే ఏటా వస్తాను. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు గానీ, నాకు పుణ్యమే ఎదురొచ్చింది చూడండి.”

“ఎవరి కోసమైతేనేం, వచ్చారు. ప్రాణం దక్కించుకున్నారు.”

“దాన్ని పెంచింది నేనేనండీ. అమ్మకు చేయలేనిది దానికి చేస్తున్నా. ఆరేళ్లలో ఒక్క ఏడాది కూడా తప్పనివ్వలేదు.” ఆమె మంచం మీద లేచి కూర్చుంది. “నా సంగతి సరే. దాని పరీక్షలో ఏమీ కనబడలేదు కదా?”

డాక్టరు ముఖం చిట్లించాడు. ఈ రోజు పరీక్షల పట్టీని పై నుంచి కింది దాకా రెండుసార్లు వెతికాడు. తర్వాత ఆమె ఫైలునే మొదటికంటా తిరగేసి, కుటుంబ వివరాలు రాసిన కాగితం దగ్గర ఆగాడు.

“అమ్మా, మీ చెల్లెలికి అసలు ఆ జన్యువే రాలేదు.”