పక్కింటి వయొలిన్

ఇంట్లో ఎవరైనా గొంతు పెంచితే గోడే పోలీసులకు కబురు పంపే రోజులవి. సంగీతానికి మాత్రం మినహాయింపు ఉండేది. ఏ వాద్యం నమోదు చేయించుకుంటే, అది పలికే స్థాయిలో వినిపించినదంతా గోడ సాధన కిందే జమకట్టేది. అందుకని ఊళ్లో ప్రతి ఇల్లూ ఏదో ఒక వాద్యం కొని మూలన నిలబెట్టుకుంది. భ్రమరాంబ ఇంట్లో ఉన్నది తంబురా. దాని మంద్రస్థాయిలో ఆమె భర్త పేరయ్య సణుగుడు హాయిగా ఇమిడిపోయేది. ఆవిడే, పాపం, గొంతు దించుకుని పోట్లాడాల్సి వచ్చేది.

పక్క ఫ్లాట్‌లో కొత్తగా దిగిన వంశీధర్ వయొలిన్ నమోదు చేయించాడు.

“అంత పై స్థాయి ఆయనకెందుకంట? ఒక్కనాడైనా తీగలు శ్రుతి చేసిన చప్పుడు విన్నారా?” అంది భ్రమరాంబ.

“నీకన్నీ అనుమానాలే. వాళ్లావిడ నేర్చుకుంటోందేమో” అన్నాడు పేరయ్య.

ఆ సాయంత్రం భ్రమరాంబ బియ్యం కడుగుతుండగా గోడ అవతల సన్నగా, ఎత్తుగా ఒక స్వరం లేచింది.

“అదిగో, వాయిస్తోంది!” అన్నాడు పేరయ్య.

స్వరం తెగింది. ఎగశ్వాసతో గాలి పీల్చుకుని మళ్లీ లేచింది.

“వయొలిన్ ఊపిరి పీలుస్తుందటండీ?” అంది భ్రమరాంబ.

అవతలి గోడ ఉలకలేదు, పలకలేదు. భ్రమరాంబ గిన్నె వదిలేసి, తన గోడ ముందుకెళ్లి, తంబురాకు ఏనాడూ అందని స్థాయిలో కేక పెట్టింది. పోలీసులకు కబురెళ్లినట్టు గోడ మీద ఎర్రదీపం వెలిగేదాకా ఆపలేదు.

“ఒసేయ్, పోలీసులు మనింటికొస్తారే!”

“రానివ్వండి. పక్క తలుపు నేను చూపిస్తా.”