పలకరించని మనిషి

మంగళవారం పొద్దున ఇద్దరు కుర్రాళ్ళూ మొదటి తలుపు తట్టబోతుంటే అతను కనిపించాడు.

రోడ్డుకి అవతల, టైర్ల కొట్టు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. బస్తాలు మోసి బలిసిన భుజాలు. చూపు మాత్రం వీళ్ళ మీదే.

"అన్నా, ఆ మనిషి..."

"అటు చూడకు. నవ్వుమొహం పెట్టు, తలుపు తీస్తున్నారు."

తీసినావిడ వీళ్ళ తెల్లచొక్కాలూ, టైలూ, జేబు మీది నల్ల బిళ్ళలూ చూసి, తీసినంత వేగంగానే వేసేసింది.

ఆ బిళ్ళ మీద పేరుకి ముందు 'ఎల్డర్' అని ఉంటుంది. పెద్దవాడని అర్థం. మోర్మన్ అనే క్రైస్తవ చర్చి రెండేళ్ళపాటు మతప్రచారానికి పంపే కుర్రాళ్ళందరికీ అదే బిరుదు. ఇద్దరిలో చిన్నవాడైన మనవాడికి పందొమ్మిదేళ్ళు. గడ్డం గీసుకోవడం నిన్నగాక మొన్న మొదలైంది గానీ పెద్దరికం అప్పుడే వచ్చేసింది. కొత్త ఊళ్ళో ఇదే మొదటి వారం. జంటగా ఉన్న రెండోవాడు ఏడాది సీనియరు. నలుగురిలో ఉంటే ఎల్డర్, ఇద్దరే ఉంటే అన్నా, తమ్ముడూ. ఒకరి కంటికి ఒకరు కనిపించకుండా పోకూడదన్నది వాళ్ళ నియమం. సబ్బుబిళ్ళ కొనాలన్నా ఇద్దరూ కదలాల్సిందే.

మధ్యాహ్నానికి పద్దెనిమిది తలుపులయ్యాయి. పద్దెనిమిదింటికీ ఆ మనిషి వెనకాలే ఉన్నాడు.

"ఈ పేటలో ఇదివరకు ఏమైనా జరిగిందా అన్నా?"

సీనియరు వీధి వంక చూస్తూ చెప్పాడు.

"మూడేళ్ళ కిందట మన చర్చి కుర్రాడొకణ్ణి ఈ వీధిలోనే కొట్టారట. చెయ్యి విరిగి ఇంటికెళ్ళిపోయాడు. నేనప్పుడు లేను, విన్నదే."

"ఎవరు కొట్టారు?"

"ఎవరైతేనేం? నడు."

తరవాత తట్టిన తలుపులేవీ మనవాడికి గుర్తులేవు.

బుధవారం మూడు వీధులు మార్చారు. అతనూ మార్చాడు. వీళ్ళు ఆగితే ఆగాడు, నడిస్తే నడిచాడు.

"పశ్చాత్తాపపడినవాణ్ణి దేవుడు క్షమిస్తాడండీ" అని మనవాడు ఒక ముసలాయనకి అప్పజెప్పాడు. ముసలాయన ఆవలించాడు. వెనకాల గేటు దగ్గరున్న మనిషి మాత్రం కదలకుండా వింటున్నాడు.

గురువారం అతను రోడ్డు దాటి దగ్గరికొచ్చాడు. నోరు తెరిచాడు.

మనవాడు సీనియరు చెయ్యి పట్టుకుని పరుగు లంకించుకున్నాడు. బస్టాపు దాకా ఆగలేదు. ఆ పరుగులో పెద్దరికం ఏమైపోయిందో ఇద్దరికీ తెలియదు.

రోజుకి నలభై తలుపులు తట్టే మనుషులు వాళ్ళు. బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణి కూడా వదలకుండా పలకరించడమే వాళ్ళ పని. వారమంతా పలకరించనిది ఆ ఒక్క మనిషినే.

గదికొచ్చి తలుపు గడియ వేశాక మనవాడు పెట్టె సర్దడం మొదలెట్టాడు.

"అన్నా, నేనింటికి వెళ్ళిపోతాను."

"రెండేళ్ళకని వచ్చి మూడు రోజులకే పోతావా? మీ అమ్మకేం చెబుతావు?"

"బతికున్నానని చెబుతా."

సీనియరు చర్చి పైవాళ్ళకి ఫోన్ చేశాడు. పైవాళ్ళు పోలీసులకి చేశారు.

శుక్రవారం ఉదయం జీపు వచ్చింది. ఇదిగో ఇతనేనని మనవాడే వేలు పెట్టి చూపించాడు. అతను ఎదురు తిరగలేదు. మనవాడి వైపు ఒకసారి చూసి జీపెక్కాడు.

"వీడి మీద పాత కేసుంది. కొన్నాళ్ళు లోపలే ఉంచుతాం. మీరు నిశ్చింతగా తిరగండి" అన్నాడు కానిస్టేబులు.

మనవాడు ఆ పూట కడుపునిండా తిన్నాడు.

శనివారం మళ్ళీ టైర్ల కొట్టు వీధి. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఎవరూ లేరు. ఊపిరి తేలికైంది.

టైర్ల కొట్టు మెట్ల మీద నలుగురు కూర్చుని ఉన్నారు. వారమంతా అక్కడే కూర్చున్నారు, ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఇవాళ లేచారు.

"ఏడిరా మీ కాపలావాడు? ఇవాళ రాలేదే?"

మనవాడికి అర్థమయ్యేలోగా మొదటి దెబ్బ పడింది. అడ్డం వచ్చిన సీనియరుకి కనుబొమ చిట్లింది. ఎవరో కేకలేస్తే వాళ్ళు పారిపోయారు.

ఆదివారం ప్రార్థనలో సీనియరు మూడు కుట్లతో కూర్చున్నాడు. మనవాడు తలెత్తలేదు.

సోమవారం వాళ్ళకి సెలవు, బట్టలు ఉతికించుకునే రోజు. లాండ్రీ కొట్టు ఆ టైర్ల కొట్టుకి ఎదురుగానే ఉంది. లాండ్రీ ఆవిడ నెత్తురంటిన చొక్కాని వెలుగులో పట్టి చూసింది.

"ఈ మరక పోదు బాబూ. రోజూ మీ వెనకాల వచ్చేవాడే, ఆయనేమయ్యాడు? ఆయనుంటే వాళ్ళు మెట్టు దిగేవాళ్ళు కాదు."

"పోలీసులకి... మేమే చెప్పామండీ."

"అయ్యో, ఎంత పని చేశారు! మిమ్మల్ని ఒక్క మాట అడగాలని వారమంతా తిరిగాడు. ధైర్యం చాలక నన్నడగమన్నాడు. పసిపిల్లలేగా, నువ్వే అడుగు, ఏం కొరుక్కుతింటారా అన్నాను."

"ఏం అడగాలని?"

"మూడేళ్ళ కిందట దెబ్బలు తిన్న అబ్బాయికి చెయ్యి బాగైందా అని."

మనవాడు బట్టల మూట కిందపెట్టాడు.

"ఆ అబ్బాయి ఆయనకేమవుతాడు?"

ఆవిడ చొక్కా పక్కన పెట్టి గొంతు తగ్గించింది.

"ఏమీ కాడు బాబూ. ఆ చెయ్యి విరగ్గొట్టింది ఆయనే."