సూది వద్దన్న సదయ్య

"మత్తు సూది వేస్తే కడుపుల మాటంత కక్కుతరట" అని పక్క క్వార్టర్ సుగుణమణి చెప్పిందని ఐలవ్వ తన కొడుకు గట్టయ్య చెవిన వేసింది. అన్న సదయ్య పేరు మీద బొగ్గుబాయిలో డ్యూటీ చేస్తున్న గట్టయ్యకు భయం పట్టుకుంది. అసలు పేరు బయటపడితే నౌకరీ ఊడుతుంది.

పన్ను పీకించుకోవడానికి వెళ్లిన దవాఖానలో, కంపౌండర్ సూది తీయగానే గట్టయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దన్నా, గట్లనే పీకుండ్రి."

"చిగుళ్లే మొద్దువారుతయ్ సదయ్యా, తెలివి పోదు."

"ఏదైతేంది, వద్దు!"

డాక్టరు పటకారు బిగించి లాగాడు. గట్టయ్య గుడ్లు తేలేశాడు గానీ పేరు మాత్రం చెప్పలేదు. పక్కనున్న ఐలవ్వే తట్టుకోలేక గొల్లుమంది.

"అయ్యో, నా కొడుకా గట్టయ్యా!"

డాక్టరు చెయ్యి ఆగింది. "గట్టయ్య ఎవరు?"

కంపౌండర్ తలెత్తకుండానే దూది అందించాడు. "సార్, మీరు అసలు పేర్లడుగుడు మొదలువెడితే రేపు బాయిల దిగెటోడుండడు. మీకు దూది అందిచ్చెటోడు గూడ ఉండడు."