విప్పని ఇంజను

ఉదయం తొమ్మిదీ పదికి వైమానిక కేంద్రం శిక్షణ విమానం, ఇంజను గాలిలోనే ఆగిపోయి, రన్‌వే చివర కూలింది.

శిక్షకుడు చనిపోయాడు. శిక్షణలో ఉన్న కుర్రాణ్ణి గడ్డి కోసే కూలీ ఒకడు బయటికి లాగాడు.

పదకొండింటికి ఇంజన్ల షెడ్డు ఫోర్‌మన్ టైపిస్టు ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టీలో బిస్కెట్ ముంచాడు.

"కొట్టమ్మా. మెకానిక్ నిర్లక్ష్యం వల్ల..."

"ఏ మెకానిక్ సార్?"

"ఇంకెవడు? మన వడపోత."

నెల కింద బదిలీ మీద వచ్చినవాడు. ప్రతి ఇంజను ఆయిల్ ఫిల్టరూ ఊడదీసి, తెల్లగుడ్డ మీద దులిపి, ఎండలో పెట్టి చూసేవాడు. షెడ్డంతా కలిసి ఆ పేరు పెట్టారు.

పది రోజుల కింద ఈ విమానం ఫిల్టరులో ఇనుప రజను కనబడింది. 'ఇంజను విప్పాలి' అని రిజిస్టరులో రాశాడు.

ఆ రోజు ఫోర్‌మన్ అరుపు టైపిస్టు గదిదాకా వినబడింది.

"పెద్దాయన తనిఖీకి వస్తున్నాడు. పన్నెండు విమానాలకి పన్నెండూ ఎగరాలి. నిన్నగాక మొన్న వచ్చి నాకు ఓనమాలు దిద్దిస్తావా?"

"లోపల బేరింగు అరుగుతోంది సార్. పిల్లలెక్కే బండి."

"నా షెడ్డులో మళ్లీ కాలు పెట్టావో, చూడు!"

ఆ పేజీ చించి, కొత్త పేజీలో 'అంతా సవ్యం' అని టైపిస్టు చేతే రాయించాడు. మెకానిక్ సంతకం తనే గీశాడు. ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆయన సొరుగులో ఉంది.

ఇప్పటికీ అక్కడే ఉంది.

"అతన్ని పిలిచి ఒక మాట అడగరా సార్?"

"ఉంటే కదా! పొద్దుట్నుంచి పత్తా లేడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. పరారీ అని కొట్టు."

"మరి ఆ కూలీ గురించి?"

"కూలీల సంగతి మేస్త్రీ చూసుకుంటాడులే."

బిస్కెట్ పొడి కాగితం మీద రాలింది. వేలికి అద్దుకుని నాకాడు.

ఆమె కొట్టింది. పరారీ.

"బంగారుతల్లివమ్మా" అంటూ సంతకం చేశాడు. పన్నెండున్నరకు జీపు ఆ నివేదికను తీసుకుపోయింది.

రెండింటికి ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది.

"కుర్రాణ్ణి లాగినాయన ఇందాకే పోయాడండీ. శిక్షకుడి కోసం మళ్లీ మంటల్లోకి వెళ్లాడట. ఒళ్లంతా కాలిపోయింది, గుర్తుపట్టేలా లేడు. పేరు కావాలి."

టైపిస్టు గడ్డికోత మేస్త్రీకి ఫోన్ చేసింది.

"మావాళ్లు ఆరుగురూ ఇక్కడే ఉన్నారు తల్లీ. ఆయన మావాడు కాదు. మీ షెడ్డు నుంచే పంపారు. చీటీ ఉంది నా దగ్గర."

చీటీ మూడింటికి ఆమె బల్ల మీదికి వచ్చింది.

'ఇంజన్ల షెడ్డు మెకానిక్. తదుపరి ఉత్తర్వు వరకు రన్‌వే చివర గడ్డి కోతకు.'

కింద ఫోర్‌మన్ సంతకం, పది రోజుల కిందటి తేదీ ఉన్నాయి.