ఎడం పిడికిలి

"మాస్టారి ఫామ్‌ని మీ గుడివాడ వాళ్ళు పాడు చేశారు తమ్ముడూ," అన్నాడు బందరు శ్రీహరి. అదీ నాగాయలంకలో, మాస్టారి పెద్దకర్మ భోజనాలయ్యాక, ఆయన పెరట్లోనే.

నాకు ఒళ్ళు మండింది. ఇద్దరం ఆయన దగ్గరే కుంగ్‌ఫూ నేర్చుకున్నాం. శ్రీహరి ఉప్పెనకి ముందు, నేను తర్వాత. ఇప్పుడు అతను బందరులో, నేను గుడివాడలో పిల్లలకి నేర్పుతున్నాం. ఫామ్ అంటే ఒక వరసలో చేసే కదలికలు. అవన్నీ ఇద్దరివీ ఒకటే, చివరిది తప్ప. వెనక్కి తిరిగి ఎడం చేత్తో ఎదుటివాడి మణికట్టు పట్టుకోవాలి. బందరు వాళ్ళు పట్టుకుని వదిలేస్తారు. మేం పిడికిలి బిగించి "వదలకు!" అని అరుస్తాం. మాస్టారు అలాగే అరిచేవారు. మా పిడికిలి సడలితే బెత్తం అందుకునేవారు.

"వదలకపోతే నిజం పోట్లాటలో తర్వాతి దెబ్బ ఎలా కొడతావ్? అసలు ఆ అరుపెక్కడిది?" అన్నాడు శ్రీహరి.

"అమ్మగారినే అడుగుదాం పద. రోజూ చూసినావిడ."

మాస్టారి భార్య అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ ముందు ఇద్దరం పక్కపక్కన నిలబడి ఫామ్ చేశాం. చివర్లో నేను పిడికిలి బిగించి గట్టిగా అరిచాను. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ముందు శ్రీహరిలాగే చేసేవారు బాబూ," అన్నారు. "ఉప్పెన నీళ్ళలో మా పాప ఆయన ఎడం చేతిలోంచే జారిపోయింది."

మర్నాడు గుడివాడలో పిల్లలంతా వరసగా నిలబడ్డారు. ఎడం పిడికిళ్ళు బిగించి ఒక్క గొంతుతో అరిచారు.

"వదలకు!"

ఆపండని చెప్పడానికి నాకు నోరు రాలేదు.