దిద్దని ఫొటో

“ఆ దేశంవాళ్లకి పంపే పోస్టర్లో ఈ పిల్ల ముఖం ఇంకాస్త తెల్లగా చెయ్యమ్మా. ఈ దేశంవాళ్లకేమో ఎండకి కమిలినట్టుండాలి. బుగ్గలు మాత్రం రెండింట్లోనూ తగ్గించు,” అని పురమాయించి ప్రకటనల మేనేజరు వెళ్లిపోయాడు.

ఫొటోలు దిద్దే ఆవిడ పక్కనే కూర్చున్న మోడల్ పిల్ల తెరమీది తన రెండు ముఖాలనూ చూసి నవ్వింది.

“నేను ఏ దేశానికీ పనికిరానన్నమాట! అక్కా, ఒక్కటి దిద్దకుండా ఇవ్వవా? అమ్మకి పంపాలి. పోస్టర్లలో నన్ను పోల్చుకోలేకపోతోంది.”

“అదెంత పనే!” అంటూ ఆవిడ అసలు ఫొటో తెరిచింది. మాటల్లో ఉండగానే చెయ్యి అలవాటు కొద్దీ గడ్డం మీది పుట్టుమచ్చను చెరిపేసింది.

“అయ్యో! అది అచ్చం మా అమ్మకున్నట్టే ఉంటుందక్కా.”

ఆవిడ సిగ్గుపడి, మచ్చను మళ్లీ తెచ్చిపెట్టింది.

పిల్ల ఆ ఫొటోను చాలాసేపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

“ఆ మచ్చ తీసెయ్ అక్కా,” అంది మెల్లగా. “ఇలా నాకే చూడబుద్ధి కావట్లేదు.”